కూడఁబలుకు చదువు



మన భాషలో "కూడఁబలుకుకొని చదువుట" యని యొక మాట కలదు. పిల్లవాఁడు పుస్తకము ముందుంచుకొని, అక్షరముపై వ్రేలు పెట్టి, ఒక్కొక్కదానిని పలికి, పలికినవాని నన్నిటిని కూర్చి మాట చేయుటకు ఆ పేరు. నలుగురు పెద్దలు ఒకచోటఁ జేరి, యేదేని యొక పనినిగూర్చి ముందుగా మాటలాడుకొని, ఒక్క యభిప్రాయమునకు వచ్చుటకును "కూడఁబలుకుకొనుట" యనియే పేరు. ఈ రెండర్థములకును సంబంధము లేదని తోఁచవచ్చును, ఆలోచించినచో నున్నది. పలకమీఁది యక్షరములు విడివిడిగా నున్నంతకాలము దేని దారి దానిదే. పిల్లవాఁడు వానిని తన నోటఁ జేర్చి ఒక్క మాటకు ఒప్పించును. ఆ యొప్పందము కుదిరిన క్షణముననే చదువు పుట్టును. నేఁడు నేను మీతో మాటలాడఁదలచినది ఆ క్షణమునుగూర్చియే.

"ఇది బడిపంతుళ్ల విషయము, మాకేల?" యని మీరనుకొనవచ్చును. కాని నేఁటి పల్లెలలో తల్లిదండ్రులు పొలమునకో, కూలికో, పట్టణములోని యుద్యోగమునకో పోఁగా, బడినుండి వచ్చిన పిల్లల ప్రక్కన అరుగుమీఁదఁ గూర్చుండువారు తాతలును, అమ్మమ్మలును, నాయనమ్మలును. బడిలో ఒక యుపాధ్యాయుని యెదుట పెక్కుమంది పిల్లలుందురు. ఒక్కొక్కని వంతునకు వచ్చు కాలము మిక్కిలి స్వల్పము. తడఁబడుచు నింపాదిగాఁ జదువుకొనుటకు పిల్లవానికి కావలసినది వినువారు. ఆ వినువారు మీరు. అందుచేతనే నా మాట మీతో.

మొదట పిల్లవాఁడు చేయు పనిని చూతము. ఎదుట "పలక" యని వ్రాసి యున్నది. వాఁడు "ప" యనును, ఆఁగును. "ల" యనును, ఆఁగును. "క" యనును. పిమ్మట మూఁటిని దగ్గఱకుఁ జేర్చి "ప, ల, క" యనును. కొంతసేపు ఊరకుండును. తరువాత తలయెత్తి "పలక!" యనును. ఈ కడపటి మాటకును ముందటి మూఁడక్షరములకును గల భేదము చెవియొగ్గి వినినచో మీకే తెలియును. మొదటిది నోరు చేసిన పని. రెండవది చెవి గుర్తించినది. తాను పలికిన ధ్వనులను తన చెవియే విని, "ఈ మాట నే నెఱుఁగుదును, మా యింట నున్న పలకయే యిది" యని బుద్ధికిఁ జెప్పినది. కన్ను చూచుట, నోరు పలుకుట, చెవి వినుట, బుద్ధి గుర్తించుట, ఈ నాలుగును జరిగినఁగాని చదువు కాదు. అలవాటు పడిన మనకు ఈ నాలుగును ఱెప్పపాటులో జరిగిపోవును. పిల్లవానికి ఒక్కొక్కటియు ఒక్కొక్క మెట్టు.

దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. పిల్లవాఁడు ఊరకుండిన యా కొంతసేపు సోమరితనము కాదు. అసలు పని యంతయు అప్పుడే లోపల జరుగుచున్నది. మనము తొందరపడి మాట నందించితిమా, వాఁడు ఎక్కఁబోవు మెట్టును మనము లాగివేసిన వారమగుదుము. ఇది మొదటిది. చెవి యెఱుఁగని మాటను చెవి గుర్తింపలేదు. ఇది రెండవది. ఇంట నాలుగు మాటలు వినని పిల్లవాఁడు "ఏ, త, ము" అని చక్కఁగాఁ గూడఁబలికియు, ఏతమనఁగా నేమో తెలియక మన మొగము చూచును. కావున మీరు చెప్పు కథలును, పొడుపుకథలును, పొలములోని పనిముట్ల పేర్లును గూడ చదువులో భాగములే. వాని చెవి నిండియున్న కొలఁది వాని కన్ను వేగముగా నడచును.

ఇఁక మన లిపి సంగతి. ఈ విషయమున తెలుఁగుబిడ్డ యదృష్టవంతుఁడనియే చెప్పవలెను. మన యక్షరమునకు పేరును పలుకును ఒక్కటే. "క" యను నక్షరము పేరు "క", పలుకును "క"యే. తలకట్టు, దీర్ఘము, గుడి, గుడిదీర్ఘము, కొమ్ము మొదలగు గుర్తులను ఒక్క కకారమునకుఁ జేర్చి పలుకుట నేర్చిన పిల్లవాఁడు, వానినే చకారమునకును తకారమునకును తానై చేర్చుకొనఁగలఁడు. మన గుణింతము యొక్క గొప్పతన మిదియే. అయినను బిడ్డ నడుమ నడుమ నిలిచిపోవు తావులు కొన్ని కలవు. అవి మనకు కనఁబడవు; ఏలయన మనము వానిని దాఁటి చాల కాలమైనది.

ఒకటి, వత్తు. "రాత్రి" యను మాటను చూడుఁడు. కంటికి గుడి తకారము నెత్తిమీఁద నున్నది, రేఫము క్రింద నున్నది. చెవికో, తకారము ముందు, రేఫము తరువాత, ఇకారము చిట్టచివర. కన్ను చూచు వరుస వేఱు, చెవి విను వరుస వేఱు. అందుచేత బిడ్డ "రా, తి, ర" యని చదివినచో వానికి తెలివి తక్కువ యని తలఁపరాదు. ఉన్నది ఉన్నట్లు పైనుండి క్రిందికిఁ జదివినాఁడు. "నాయనా, క్రింది యక్షరమును పలికిన పిమ్మటనే పైనున్న గుడిని పలుకవలెను" అని ఒకమాఱు చెప్పి, "చిత్రము", "పుత్రిక", "వస్త్రము" అని మూఁడు నాలుగు మాటలు చూపినచో చిక్కు విడిపోవును.

రెండవది, సున్న. బడిలో దానిని "అం" అని నేర్పుదురు. కాని "అంకె" యన్నప్పుడు సున్న కంఠములో పలుకును. "మంచి" యన్నప్పుడు దౌడలవద్దకు వచ్చును. "పంట" యన్నప్పుడు నాలుక మడఁగును. "పంది" యన్నప్పుడు పండ్లను తాఁకును. "చెంబు" అన్నప్పుడు పెదవులు మూసికొనును. ఒక్క గుర్తునకు అయిదు పలుకులు! తన ప్రక్కనున్న యక్షరమునుబట్టి సున్న తన పలుకును మార్చుకొనును. బిడ్డ "ప, మ్, ట" యని ఆఁగినప్పుడు "తరువాతి యక్షరమును గూడఁ జేర్చి పలుకుము" అనినఁ జాలును. వాని నాలుకయే సరియైన చోటికిఁ బోవును.

మూఁడవది మీ పెట్టెలలోని గ్రంథముల సంగతి. తాత చదువుకొను ప్రాత పుస్తకమును మనుమఁడు తెఱచినచో అందు వలపలగిలక యుండును, బండి ఱ యుండును, అరసున్న యుండును. నేఁటి బడిపుస్తకములలో అవి అరుదు. "కర్మ" యను మాటలోని రేఫమును వెనుకటివారు మకారము ప్రక్కన గిలకగా వ్రాసెడివారు. బిడ్డ దానిని చూచి యేదో తెలియని యక్షరమని బెదరును. "ఇదియు ఆ రేఫమే, వేషము వేఱు" అని నవ్వుచుఁ జెప్పుఁడు. పిల్లలకు అట్టి రహస్యములనిన మిక్కిలి యిష్టము.

మన పూర్వపు వీధిబడులలో ఇసుక పఱచి, వ్రేలితో దిద్దించుచు, దిద్దినప్పుడెల్ల నోటితోఁ బలికించెడివారు. అక్షరాభ్యాసమునాఁడు "ఓం నమః శివాయ" యని పలికించి వ్రాయించుటచేతనే తొలి యక్షరములకు ఓనమాలని పేరు వచ్చినది. చేయి, నోరు, చెవి, కన్ను ఏకముగాఁ బనిచేయుట ఆ పద్ధతిలోని మేలు. దానిలోని లోపమును గూడఁ జెప్పవలెను. గుణింతము పాటవలె సాగిపోఁగా పిల్లవాని నోటికి పాట వచ్చెడిది, కంటికి అక్షరము రాకుండెడిది. నోటికి వచ్చుట వేఱు, చదువ వచ్చుట వేఱు. 2000వ సంవత్సరమున అమెరికా దేశపు జాతీయ పఠన సంఘమువారు అనేక పరిశోధనలను సరిచూచి, అక్షరములకును ధ్వనులకును గల సంబంధమును క్రమముగా బోధించుట పిల్లల చదువునకు మేలు చేయునని తేల్చిరి. మన దేశమున 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమము, మూఁడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థముతోఁ జదువఁగలుగవలెనని గుఱి పెట్టినది. మూఁడవ తరగతి యని యేల చెప్పిరి? అంతవఱకు బిడ్డ చదువుటను నేర్చుకొనును. అటుపిమ్మట చదివి తక్కిన విద్యలను నేర్చుకొనవలెను. మొదటిది కానివానికి రెండవది లేదు.

ఇది యూహ కాదు. నేను కన్నులారఁ జూచినది. నేను పనిచేసిన యొక యూర నాలుగవ తరగతిలో ఒక పిల్లవాఁడుండెను. పుస్తకము తెఱచి పాఠమును గడగడ చదివెడివాఁడు. అందఱును వానిని మెచ్చుకొనెడివారు. ఒకనాఁడు పాఠము నడుమనున్న యొక మాటమీఁద నా వ్రేలుంచి, "నాయనా, ఇదేమి?" యని యడిగితిని. వాఁడు ఆ మాటవైపు చూడనైన లేదు. తన వ్రేలిని పుట మొదటికిఁ గొనిపోయి, పాఠమును తొలినుండి పెదవులతో గొణుగుకొనుచు, మాటకొక్క అడుగు చొప్పున వ్రేలు జరుపుచు వచ్చి, నా వ్రేలున్నచోట ఆఁగి జవాబు చెప్పెను. జవాబు సరియే. కాని వాఁడు చదువలేదు, లెక్కపెట్టెను.

ఈ యుపాయము వానికెట్లు పట్టువడినదని మెల్లఁగా విచారింపఁగాఁ దెలిసినది. ఒకటవ తరగతిలో వాఁడు ఇంటిలోఁ గూడఁబలుకుకొనునప్పుడు, ఆఁగిన చోటనెల్ల తాతగారు "ఇంకను రాదా?" యని నెత్తిన మొట్టెడివారఁట. ఆయన చెడ్డవారు కారు. మనుమఁడు పదిమందిలో గడగడ చదువవలెనని ఆయన కోరిక. పిల్లవాఁడు తెలివైనవాఁడు. ఆఁగినచో మొట్టికాయ, ఆఁగకున్నచో మెప్పు అని గ్రహించి, అక్క చదువుచుండఁగా విని పాఠములను కంఠస్థము చేసికొనెను. మూఁడేండ్లు అట్లే గడచెను. నాలుగవ తరగతిలో పాఠములు పెద్దవయ్యెను. అక్క వేఱు బడికిఁ బోయెను. వానికి దారి లేకపోయెను. ప్రొద్దునలేచి కడుపునొప్పి యని పండుకొన మొదలిడెను. ఇట్టి కడుపునొప్పులతోనే పల్లెలలో ఎందఱో పిల్లల చదువు ముగిసినది. అట్టివారు బడికిఁ బోయినవారి లెక్కలోనే యుందురు. కాగితముమీఁద మాత్రము వ్రేలిముద్ర వేయుదురు.

నేను తాతగారి యొద్దకుఁ బోయి, "అయ్యా, తాము రోజునకు పావుగంట వీని ప్రక్కఁ గూర్చుండవలెను. మొట్టవలదు, మాట యందింపవలదు. వినినఁ జాలును" అంటిని. "పంతులుగారూ, ఊరకుండుటయా? అది నాచేతఁ గాని పని" యని ఆయన నవ్విరి. అయినను ఒప్పుకొనిరి. మనుమఁడు పుస్తకము తెఱచు వేళకు ఆయన నోట తాంబూలము వేసికొనెడివారు, మాటలాడుటకు వీలులేకుండునట్లు. మొదటి వారమంతయు రోజునకు రెండు పంక్తులే. పిల్లవాఁడు ఆఁగినప్పుడెల్ల తాతగారి చేతివైపు చూచెడివాఁడఁట. ఆ చేయి కదలదని నమ్మకము కుదిరిన పిమ్మటనే వాఁడు పుస్తకమువైపు చూడసాఁగెను.

మూఁడు నెలలు గడచినవి. ఒక సాయంకాలము పుస్తకమును బడిలో మఱచివచ్చిన పిల్లవాఁడు, ఇంటిలో నున్న పట్టాదారు పాసుపుస్తకమును తీసి, అందలి పేరును కూడఁబలుకుకొన మొదలిడెను. రెండుమూఁడు మాఱులు పలికి, "తాతా, ఇది నీ పేరు కాదు. ఇక్కడ వత్తు లేదు" అనెను. తాతగారు చదువుకొన్నవారే. ఆ పుస్తకమును ఏండ్లతరబడి చూచుచున్నవారే. కాని తన పేరు తనకుఁ దెలిసినదే గనుక, ఆయన కన్ను దానిని పటమును చూచినట్లు చూచి, లేని వత్తును తానే పెట్టుకొని, ముందునకు సాఁగిపోవుచుండెను. ఒక్కొక్క యక్షరమును పలికి చూచినవానికి మాత్రమే ఆ లోటు కనఁబడినది. పేరులో ఒక్క యక్షరము భేదించినచో ఎన్ని కచేరీలకుఁ దిరుగవలసి వచ్చునో మీకు నేను చెప్పనక్కఱలేదు. వెంటనే అర్జీ పెట్టి సరిచేయించుకొనిరి. ఆ పిల్లవానికి మఱల కడుపునొప్పి రాలేదు.

ఇంతవఱకు చదువుటనుగూర్చి చెప్పితిని. వ్రాయుటయు దీనికి జంటయే. చదువునప్పుడు అక్షరమునుండి పలుకునకు వచ్చుచున్నాము. వ్రాయునప్పుడు పలుకునుండి అక్షరమునకుఁ బోవుచున్నాము. అదే బాట, నడక మాత్రము ఎదురు. మా వీధిలో ఆఱేండ్ల పిల్ల యొకతె నాయనమ్మ చెప్పుచుండఁగా అంగడి సరకుల పట్టీ వ్రాసినది. అందు "సింతపండు, యెండుమిరపకాయలు, కొబరికాయ, దనియాలు" అని యుండెను. అంగడివాఁడు నాలుగు సరకులను తప్పక కట్టియిచ్చెను. ఇంటికి వచ్చిన బంధువు ఒకఁడు ఆ కాగితమును చేతఁబట్టుకొని, పదిమంది యెదుట చదివి నవ్వెను. పిల్ల కాగితమును లాగికొని లోపలికిఁ బోయినది. అటుపిమ్మట పదునైదు దినములు పలక ముట్టలేదు.

ఆ పట్టీని మనము నవ్వక చదువుదము. "సింతపండు" అని యేల వ్రాసినది? ఆ యింటిలో అట్లే పలుకుదురు గనుక. "యెండు" అని యేల వ్రాసినది? మాట మొదట నున్న ఎకారమును మనలోఁ బెక్కుమంది యకారము కలిపియే పలుకుదురు గనుక. "కొబరి" యని వ్రాయుట మాత్రము చెవి చేసిన పొరపాటు, ద్విత్వమును పట్టుకొనలేదు. "దనియాలు" సంగతి విచిత్రమైనది. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సంస్కృతమునకు ఏఁబది వర్ణములును, ప్రాకృతమునకు నలువదియును, తెనుఁగునకు ముప్పదియాఱును లెక్కపెట్టెను. ఆ ముప్పదియాఱింటిలో ఖ, ఘ, ధ, భ మొదలగు వత్తక్షరములు లేవు. అవి సంస్కృతాదులనుండి వచ్చిన మాటలతో మన పలకలమీఁదికి వచ్చినవి. పల్లెపిల్ల చెవిలో ధనియాల ధకారము దకారమే. ఆ పిల్ల అబద్ధము వ్రాయలేదు. వినినదానిని వినినట్లు వ్రాసినది.

కావున తప్పులు రెండు విధములని పెద్దలు గుర్తుంచుకొనవలెను. చెవి పట్టుకొననివి కొన్ని. వానిని పలికించి దిద్దవలెను. "కొబ్, బరి" యని విఱిచి పలుకుమనినచో ఆ పిల్లయే "ఇక్కడ ఇంకొక బకారమున్నది" యని వత్తు పెట్టును. చెవి సరిగా వినినను లిపి వేఱుగా నున్నవి మఱికొన్ని. "కృష్ణుఁడు" అను మాటను "క్రుష్ణుడు" అనియు, "బ్రహ్మ" యను మాటను "బ్రమ్మ" యనియు, "విజ్ఞానము" అను మాటను "విగ్నానము" అనియు బిడ్డలు వ్రాయుదురు. మనలో పెక్కుమంది అట్లే పలుకుచున్నప్పుడు వారి చెవిని నిందించి ప్రయోజన మేమి? వీనిని కంటికిఁ జూపి, చేతితో నాలుగుమాఱులు వ్రాయించి, "ఈ మాట వేష మిది" యని పరిచయము చేయవలెను. మొదటి జాతి తప్పునకు రెండవదాని మందు వేసినను, రెండవదానికి మొదటి మందు వేసినను గుణము కనఁబడదు.

చెవి సాక్ష్యమునకు గౌరవ మీయవలెనను మాటకు ఒక మహనీయుని జ్ఞప్తికిఁ దెచ్చుచున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాషను వారి నోటనుండియే విని నేర్చిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. వ్యావహారిక భాషావాదమున ఆయనతో ఏకీభవింపని పండితులు పెక్కుమంది యుండిరి. నేను శుశ్రూష చేసిన గురువుల గోష్ఠియు ఆ పక్షముదే. నా వ్రాఁతయు ఇప్పటికిని ఆ దారినే నడచుచున్నదని మీరు వినుచునే యున్నారు. అయినను సవరలయెదుటఁ గూర్చుండి, వారి పలుకును పరిహసింపక, ఒక్కొక్క ధ్వనిని విని వ్రాసికొనిన ఆ యోపికకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. మన యింటి బిడ్డ పలుకునకు ఆ యోపికలో నాలుగవ పాలైనను మనము చూపలేమా?

ఇంగ్లీషునుగూర్చియు ఒక మాట. నేఁడు పల్లెపిల్లలును రెండు భాషల యక్షరములను ఒకే కాలమున నేర్చుచున్నారు. ఆ భాషలో అక్షరములు ఇరువదియాఱే గాని ధ్వనులు నలువదికిఁ బైగా నున్నవి. అక్షరము పేరు ఒకటి, దాని పలుకు మఱియొకటి. "సీ" యని పేరున్న యక్షరము పిల్లిని చెప్పు "క్యాట్" అను మాటలో కకారముగాఁ బలుకును. కత్తిని చెప్పు "నైఫ్" అను మాటలో మొదటి యక్షరము వ్రాఁతలోనే యుండి నోట పలుకనే పలుకదు. తెలుఁగులో పలికిన దారిని వ్రాయుట కలవాటుపడిన బిడ్డ అక్కడ తికమకపడుట సహజము. రెండింటిని ఒకేపూట కలిపి పెట్టకుఁడు. తెలుఁగున కూడఁబలుకుట బాగుగ వచ్చిన పిల్లకు, అక్షరమునకును ధ్వనికిని ముడి యున్నదను మూలసూత్రము చేతఁ జిక్కినది. ఆ సూత్రము ఇంగ్లీషునకును పనికివచ్చును.

ఇఁక మీరు చేయఁదగినది చెప్పి ముగింతును. రోజునకు పావుగంట చాలును. బిడ్డ వ్రేలు అక్షరముమీఁద నుండవలెను. మీ వ్రేలు కాదు. ఆఁగినప్పుడు మనసులో పది లెక్కపెట్టుఁడు. అప్పటికిని రాకున్నచో మాటను చెప్పక, మొదటి యక్షరమును మాత్రము పలుకుఁడు. మాట వచ్చిన పిమ్మట పంక్తిని మఱల మొదటినుండి చదివింపుఁడు. ఈమాఱు వేగము తనంత వచ్చును. చదివినదాని యర్థమును బిడ్డ సొంత మాటలలో అడుగుఁడు. అప్పుడప్పుడు బొమ్మను చేతితో మూసి, నడుమ నుండి యొక మాటను చూపి యడుగుఁడు. కంఠస్థము చేసినది అక్కడ బయటపడును. బయటపడినను కోపింపకుఁడు. పుస్తకము లేనినాఁడు గోడమీఁది వ్రాఁతలు, బస్సుమీఁది యూరిపేర్లు, పప్పు పొట్లముమీఁది మాటలు లేవా? తప్పు వ్రాసినప్పుడు "నీవు వ్రాసినదానిని నీవే చదువుము" అనుఁడు. సగము తప్పులను వారే పట్టుకొందురు. ప్రక్కింటి పిల్లతోఁ బోల్చి మాటలాడకుఁడు. ఆఁడపిల్లను వంటింటి పనికిఁ బిలిచి ఆ పావుగంటను తెగఁగొట్టకుఁడు.

కొందఱు బిడ్డలు ఎంత యోపికగా నేర్పినను అక్షరములను తాఱుమాఱు చేయుచునే యుందురు. నెలలు గడచినను కూడఁబలుకుట కుదరదు. ముందుగా వారి కన్నులను, చెవులను వైద్యునికిఁ జూపుఁడు. అవి బాగుగనే యున్నచో, డిస్లెక్సియా యను నొక విధమైన పఠనక్లేశము కొందఱికిఁ బుట్టుకతోనే యుండునని వైద్యులు చెప్పుచున్నారు. అది మందబుద్ధియు కాదు, మొండితనమును కాదు. 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి యభ్యాసలోపములను గుర్తించినది. అట్టి బిడ్డకు దెబ్బలవలన మేలు కలుగదు. బడివారితో మాటలాడి, తగిన నిపుణునికిఁ జూపి, వేఱు పద్ధతిని నేర్పించవలెను.

పెద్దలారా! చదువ నేర్చిన మీరు ఊరిలో నెందఱికో అర్జీలు చదివి పెట్టినారు, జాబులు వ్రాసి పెట్టినారు. ఆ యుపకారమును ఈ మాఱు చదివి కాక, విని చేయుఁడని కోరుచున్నాను. రేపు సాయంకాలము బడి విడిచిన పిమ్మట మీ యరుగుమీఁద బిడ్డను ప్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని పుస్తకము తెఱపింపుఁడు. మాట నందింపకుండ నుండుట మీకును కష్టముగా నున్నచో, తాంబూలపు పళ్లెమును దగ్గఱ నుంచుకొనుఁడు.